వాదన వినేటప్పుడు ఏం చూడాలి?

దివ్య ఖుర్ఆన్‌లోని 58వ సూరా పేరు 'అల్ ముజాదిలా'. వాదించే స్త్రీ అని దాని అర్థం. హజ్రత్ ఖౌలా బిన్తె సాలబా (రజి) అనే సహాబియా విషయంలో ఆ సూరా తొలి ఆయతులు అవతరించాయి. భార్యను తల్లితో పోల్చి తనకు నిషిద్ధం చేసుకునే 'జిహార్' అనే దురాచారం అప్పటి అరబ్బులలో ఉండేది. ఆమె భర్త అలాంటి మాటే అనేశాడు. అటు భార్యగా ఉంచుకోక, ఇటు పూర్తిగా విడిచిపెట్టక స్త్రీని నడిమధ్యలో వదిలేసే ఆచారమది. ఆమె దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చింది. తన వయసు, తన పిల్లలు, తన నిస్సహాయత ఏకరువు పెట్టి మళ్ళీ మళ్ళీ వాదించింది. ఆమె మాటను అల్లాహ్ విన్నాడని తెలుపుతూ దివ్యవాణి దిగింది. జిహార్ మాట అన్నవాడు పరిహారం చెల్లించనిదే భార్య దగ్గరకు పోరాదని నిర్ణయమైంది. ఒక ఇంటి స్త్రీ చేసిన వాదన ప్రళయం వరకు చదివే గ్రంథంలో సూరా పేరుగా నిలిచిపోయింది.

నేడు కూడా వివాహం, విడాకులు, కట్నం, సంతానం, స్త్రీల హక్కులు మొదలైన సామాజిక సమస్యలపై వాదనలకు కొదవ లేదు. పత్రికల్లో వ్యాసాలు, టీవీల్లో చర్చలు, జల్సాలలో ప్రసంగాలు, ఫోనులోకి వచ్చిపడే సందేశాలు ఎన్నో ఉన్నాయి. వీటిలో ముస్లింలను విమర్శించేవీ ఉంటాయి, సమర్థించేవీ ఉంటాయి. మొదటి రకం వినగానే మనకు కోపం వస్తుంది. రెండవ రకం వినగానే సంతోషం కలుగుతుంది. కోపమూ సంతోషమూ సహజమే. కాని ఆ రెండింటిలో ఏదీ ఒక మాట నిజమో అబద్ధమో తేల్చలేదు. కనుక ఈ పాఠంలో, వాదించే వారు ఎలా వాదిస్తారో, వారి మాటను మనం ఎలా పరిశీలించాలో కొన్ని వాస్తవ ఉదాహరణల ద్వారా తెలుసుకుందాం.

ఖుర్ఆన్ నేర్పిన నాలుగు నియమాలు

ఈ విషయంలో మనకు నాలుగు ఆదేశాలు పునాది వంటివి.

మొదటిది, వార్తను నిర్ధారించుకోవటం. నమ్మదగని వ్యక్తి ఏదైనా సమాచారం తెస్తే విచారించుకోవాలనీ, లేకుంటే తెలియక ఒక వర్గానికి హాని చేసి ఆ పైన పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు హెచ్చరిస్తుంది.

రెండవది, తెలియని దాని వెంట పడకపోవటం. చెవి, కన్ను, హృదయం అన్నింటికీ లెక్క చెప్పుకోవలసి ఉంటుందని బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయతు సారాంశం.

మూడవది, శత్రువు పట్ల కూడా న్యాయం. ఒక వర్గంపై ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదని అల్ మాయిదా సూరా 8వ ఆయతు ఆదేశిస్తుంది.

నాల్గవది, అన్నింటికంటే కష్టమైనది, మనకు వ్యతిరేకంగానైనా సరే న్యాయం పలకటం. సాక్ష్యం స్వయంగా తమకు, తమ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా ఉన్నా సత్యం మీదే నిలబడాలని అన్ నిసా సూరా 135వ ఆయతు విశ్వాసులను కోరుతుంది.

మూడవ నియమం ఎదుటివారి విషయంలో, నాల్గవ నియమం మన విషయంలో. రెండింటికీ త్రాసు ఒక్కటే. ఇతరుల నుండి పుచ్చుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, తాము ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని అల్ ముతఫ్ఫిఫీన్ సూరా చెబుతుంది. అది ధాన్యం కొలిచే వర్తకుల గురించి మాత్రమేనని మనం అనుకుంటాము. ఎదుటివారి మాటకు పది సాక్ష్యాలు అడిగి, మనవారి మాటకు ఒక్కటీ అడగకపోవటం కూడా అలాంటి కొలతే కాదా?

వాదనలో ఏమేముంటాయి?

ఏ వాదననైనా విడదీసి చూస్తే నాలుగు భాగాలు కనిపిస్తాయి. ఒకటి, వక్త ఏ మాటను మన చేత ఒప్పించాలనుకుంటున్నాడు? రెండు, దానికి అతడు చూపిన ఆధారం ఏమిటి? మూడు, ఆ ఆధారం నుండి ఆ నిర్ణయానికి నిజంగా దారి ఉందా, లేక మధ్యలో దూకుడు ఉందా? నాలుగు, అతడు చెప్పకుండా వదిలేసినది ఏమిటి?

మొదటి మూడూ వ్యాసంలోనో ప్రసంగంలోనో మన కళ్ళెదుట ఉంటాయి. నాల్గవది అక్కడ ఉండదు. మనమే వెతుక్కోవాలి. ఎక్కువ మంది మోసపోయేది అక్కడే. ఇక ఉదాహరణలు చూద్దాం.

1985 నాటి తీర్పు: చట్టం చదవకుండా వాదించటం

ఇండోర్‌కు చెందిన షాబానో బేగం వివాహం 1932లో జరిగింది. భర్త న్యాయవాది. వారికి ఐదుగురు సంతానం. 1975లో భర్త ఆమెను ఇంటి నుండి వెళ్ళగొట్టాడు. 1978 ఏప్రిల్‌లో ఆమె క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం కోరింది. అదే ఏడాది నవంబరులో భర్త తలాక్ ఇచ్చాడు. మేజిస్ట్రేటు నెలకు 25 రూపాయలు ఇవ్వమన్నాడు. 1980లో మధ్యప్రదేశ్ హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలకు పెంచింది. తాను ఇద్దత్ కాలపు ఖర్చూ, 3000 రూపాయల మహరూ చెల్లించేశాననీ, ఇక తన బాధ్యత ఏమీ లేదనీ భర్త సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1985 ఏప్రిల్ 23న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆమె పక్షాన తీర్పు చెప్పింది.

ఆ తర్వాత దేశమంతటా జరిగిన వాదనలను గమనించండి. ఒక పక్షంవారు ఈ తీర్పును షరీఅత్‌లో జోక్యంగా వర్ణించారు. తీర్పులో ఖుర్ఆన్ ఆయతులకు న్యాయమూర్తులే అర్థం చెప్పటం, ఉమ్మడి పౌరస్మృతి కావాలని వ్యాఖ్యానించటం వారి ఆందోళనకు కారణాలు. ఆ ఆందోళన నిరాధారం కాదు. కేసు భరణం గురించి అయినప్పుడు ఉమ్మడి పౌరస్మృతి ప్రస్తావన ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ సభల్లో అనేకమంది వక్తలు ఒక్క విషయం వదిలేశారు. నలభై మూడేళ్ళ కాపురం తర్వాత, అరవై ఏళ్ళు పైబడిన స్త్రీ ఎలా బ్రతకాలి? ఆమె అడిగిన దానికి షరీఅత్ ప్రకారం సరైన జవాబు ఏమిటి? విడాకులు పొందిన స్త్రీలకు సముచితంగా ఇచ్చి పంపటం భయభక్తులు గలవారి విధి అని అల్ బఖరా సూరా 241వ ఆయతు చెబుతుంది. ఆ విధిని సమాజం ఎలా నెరవేరుస్తుందో ఆ వక్తలు చెప్పలేదు.

రెండవ పక్షంవారు ఆమె కష్టాన్ని ఎత్తి చూపారు. అది సరైనదే. అయితే ఒక్క భర్త ప్రవర్తనను చూపి ముస్లింలందరూ ఇంతే, ఇస్లాం ఇంతే అన్న నిర్ణయానికి అనేకులు దూకేశారు. భార్యను వీధిలో వదిలేసే భర్తలు అన్ని మతాలలోనూ ఉన్నారు కనుకనే 125వ సెక్షన్ మతంతో నిమిత్తం లేకుండా పుట్టిందన్న సంగతి వారు వదిలేశారు.

1986 మే నెలలో ముస్లిం మహిళల (విడాకుల అనంతర హక్కుల రక్షణ) చట్టం అమలులోకి వచ్చింది. 'విజయం సాధించాము' అని ఒకరు, 'స్త్రీకి అన్యాయం జరిగింది' అని మరొకరు అన్నారు. ఇద్దరూ చట్టం సారం ఒకటే అనుకున్నారు: భర్త బాధ్యత మూడు నెలల ఇద్దత్‌తో సరి. కాని చట్టం పాఠంలో ఉన్నది వేరు. భర్త 'సముచితమైన, న్యాయమైన ఏర్పాటు'నూ, భరణాన్నీ ఇద్దత్ కాలం లోపల చేయాలని అందులో ఉంది. షాబానో తరఫు న్యాయవాది డేనియల్ లతీఫీ ఈ చట్టాన్ని సవాలు చేయగా, 2001 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు చట్టాన్ని కొట్టివేయలేదు. ఇద్దత్ లోపల చేయవలసిన ఆ ఏర్పాటు ఆమె భవిష్యత్తు అంతటికీ సరిపోయేదిగా ఉండాలని వివరించింది. ఇద్దత్ అనేది చెల్లించటానికి గడువే గాని, బాధ్యతకు హద్దు కాదని దాని భావం.

ఆ తర్వాత తెలంగాణ నుండి వెళ్ళిన ఒక కేసులో, విడాకులు పొందిన ముస్లిం మహిళ 125వ సెక్షన్ కింద కూడా భరణం కోరవచ్చుననీ, 1986 చట్టం ఆ దారిని మూసివేయలేదనీ 2024 జూలై 10న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

దీని నుండి మనం నేర్చుకోవలసిన పాఠం సులభమైనది. ఒక చట్టం గురించో, ఫత్వా గురించో, తీర్పు గురించో ఎవరైనా వాదిస్తుంటే ముందుగా దాని అసలు పాఠం చదివారా అని అడగాలి. 1986 నుండి 2001 వరకు పదిహేనేళ్ళు ఆ చట్టం పేరు మీద వాదించుకున్న వారిలో అనేకులు ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగలేదు. ఈలోగా మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టించుకుని పుట్టింటికి చేరిన స్త్రీలకు ఆ వాదనల వల్ల ఒరిగిందేమీ లేదు.

'ఇస్లాం ఇలా అంటుంది' అన్న మాట

ఒకే మారు మూడు తలాకుల విషయంలో రెండవ రకం దోషం కనిపిస్తుంది. విమర్శకుడు లేచి, 'ఇస్లాంలో మూడు మాటలతో భార్యను వదిలేయవచ్చు' అంటాడు. మన వక్త లేచి, 'మూడు తలాకులను ముట్టుకుంటే షరీఅత్‌ను ముట్టుకున్నట్లే' అంటాడు. ఇద్దరూ శత్రువుల్లా కనిపించినా ఇద్దరి మాటకూ పునాది ఒకటే. ఆ పద్ధతే ఇస్లాం అని ఇద్దరూ అనుకుంటున్నారు.

వాస్తవం ఏమిటి? భార్యాభర్తల మధ్య చీలిక వస్తుందనిపిస్తే ఇరువైపుల నుండి చెరొక మధ్యవర్తిని నియమించమని అన్ నిసా సూరా 35వ ఆయతు చెబుతుంది. అల్ బఖరా, అత్ తలాఖ్ సూరాలలో గడువు పాటిస్తూ, తిరిగి కలుసుకునే అవకాశం ఉంచుతూ ఇచ్చే తలాక్ వివరణ ఉంది. ఒకే మారు మూడు పలకటాన్ని హనఫీ ఉలమాలు పాపకార్యంగానే పరిగణిస్తూ, పలికితే మూడూ పడతాయని అంటారు. అహ్లె హదీస్ ఉలమాలు దానిని ఒకే తలాక్‌గా లెక్కిస్తారు. దైవప్రవక్త (స) కాలంలో, హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో, హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ తొలి రోజుల్లో అది ఒకటిగానే లెక్కించబడేదనీ, ప్రజలు తొందరపాటుకు అలవాటు పడటం చూసి హజ్రత్ ఉమర్ (రజి) మూడింటినీ అమలు చేశారనీ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. ఆ ఉల్లేఖనాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దానిపై ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఎవరి అభిప్రాయం సరైనదో తేల్చటం ఈ పాఠం పని కాదు. ఇంతటి చర్చ ఉన్న విషయాన్ని ఒక్క వాక్యంలో 'ఇస్లాం ఇదే' అని చెప్పేవారిని మాత్రం మనం ఆపి అడగాలి: 'ఇది ఆయతా? హదీసా? ఒక ఫిఖ్హ్ అభిప్రాయమా? లేక మన ఊరి అలవాటా?'

ఇదే పరీక్షను ఎదుటి పక్షానికీ పెట్టాలి. 'ముస్లిం దేశాలే తలాక్‌ను నిషేధించాయి' అని కొందరు రాస్తుంటారు. ఉదాహరణకు ఈజిప్టు 1929లో చేసిన చట్టం తలాక్‌ను నిషేధించలేదు. సంఖ్య చెప్పి ఇచ్చిన తలాక్‌ను ఒకటిగానే లెక్కించాలన్నది. అలాగే 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు 3-2 ఆధిక్యతతో ఇచ్చిన తీర్పు గురించి 'తలాక్ రద్దయింది' అని మెచ్చుకున్నవారూ ఉన్నారు, అదే మాట అని బాధపడ్డవారూ ఉన్నారు. ఆ తీర్పు చెల్లదన్నది ఒకే మారు ఇచ్చే ముమ్మారు తలాక్‌ను మాత్రమే. గడువుతో కూడిన తలాక్ పద్ధతిని గాని, స్త్రీ కోరే ఖులాను గాని అది రద్దు చేయలేదు.

అంకెలు చెప్పేవారి మాట

అంకె వినగానే మనం తల ఊపేస్తాము. అందుకే వాదించేవారికి అంకెలంటే ఇష్టం. బహుభార్యత్వం విషయంలో జరుగుతున్నది చూడండి.

ఒకవైపు, ముస్లింలంటేనే నలుగురు భార్యలన్న ప్రచారం ఉంది. దానికి జవాబుగా మన వక్తలు దశాబ్దాలుగా ఒక లెక్క చెబుతూ వస్తున్నారు. 1961 జనగణన సందర్భంగా చేసిన అధ్యయనంలో బహుభార్యత్వం హిందువులలో 5.8 శాతం, ముస్లింలలో 5.7 శాతం ఉన్నట్లు తేలింది. ఈ లెక్క నిజమైనదే. కాని అది అరవై ఏళ్ళు దాటిన లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2005-06లో, భర్తకు మరొక భార్య ఉందని చెప్పిన వివాహిత స్త్రీలు ముస్లింలలో 2.5 శాతం, హిందువులలో 1.7 శాతం. 2019-21 సర్వేలో ముస్లింలలో 1.9 శాతం, హిందువులలో 1.3 శాతం.

ఈ రెండు సర్వేలు ఏం చెబుతున్నాయి? 'నలుగురు భార్యలు' అన్న ప్రచారం శుద్ధ అబద్ధం. ముస్లిం వివాహిత స్త్రీలలో నూటికి తొంభై ఎనిమిది మంది భర్తకు ఏకైక భార్యగానే ఉన్నారు. అన్ని వర్గాలలోనూ ఈ ఆచారం తగ్గుతోంది. అయితే 'మనలో ఇతరుల కంటే తక్కువ' అని నేడు చెప్పటం కూడా సరికాదు, ఎందుకంటే కొత్త లెక్కల్లో కొద్దిపాటి ఎక్కువే ఉంది. అబద్ధాన్ని ఓడించటానికి కొత్త లెక్క చాలినంత బలంగా ఉండగా పాత లెక్కను పట్టుకు వేలాడటం దేనికి? ఎదుటివాడు కొత్త లెక్క బయటికి తీస్తే మన మాట పోతుంది, మన మాటతో పాటు మనం చెప్పిన మిగతా నిజాలు కూడా అనుమానం పాలవుతాయి.

సంతానం విషయంలోనూ అంతే. ముస్లింల సంఖ్య పెరిగి దేశం మారిపోతుందని భయపెట్టేవారు రెండు వర్గాల జననాల మధ్య తేడాను మాత్రమే చూపుతారు. 1992-93 సర్వేలో సగటున ఒక్కో స్త్రీకి ముస్లింలలో 4.4 మంది, హిందువులలో 3.3 మంది పిల్లలు. 2019-21 సర్వేలో అవి 2.4, 1.9. రెండూ తగ్గాయి, రెండింటి మధ్య తేడా కూడా సగానికి పైగా తగ్గింది. భయపెట్టేవాడు ఒక్క ఏటి లెక్క చూపుతాడు. ఆ లెక్క ఎటు కదులుతోందో చూపడు.

కనుక ఎవరైనా అంకె చెబితే నాలుగు మాటలు అడగండి. ఇది ఎవరు లెక్కించారు? ఏ సంవత్సరం? ఎవరిని అడిగి లెక్కించారు? దీని ముందూ తర్వాతా ఉన్న లెక్క ఏమిటి? ఈ నాలుగింటికీ జవాబు లేని అంకెను మరొకరికి పంపకండి. విన్నదల్లా చెప్పుకుంటూ పోవటమే మనిషి అబద్ధీకుడు కావటానికి చాలునన్న భావం గల హదీసు సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉంది. ఫోనులో ఒక్క వేలితో వందమందికి చేరవేసే ఈ రోజుల్లో ఆ హెచ్చరిక మరింత గుర్తుంచుకోదగినది.

జహేజ్: సగం చెప్పిన సంఘటన

ఇప్పటివరకు చూసినవి రెండు పక్షాల మధ్య వాదనలు. మన ఇళ్ళలోనే, మనలో మనమే చేసుకునే వాదనలు కూడా ఉన్నాయి. వాటిలో జహేజ్ ముఖ్యమైనది.

అబ్బాయి తరఫు పెద్దలు చెప్పే మొదటి మాట: 'జహేజ్ సున్నతే కదా! ప్రవక్త (స) తమ కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి)కి సామాను ఇచ్చారు కదా!' ఇది సగం సంఘటన. సీరత్ గ్రంథాల కథనం ప్రకారం హజ్రత్ అలీ (రజి) తమ కవచాన్ని మహర్‌గా ఇచ్చారు. ఆ కవచం అమ్మగా వచ్చిన సొమ్ముతోనే ఆ కొద్దిపాటి సామాను సమకూరింది. అంతేగాక హజ్రత్ అలీ (రజి) చిన్ననాటి నుండి ప్రవక్త (స) పోషణలో పెరిగినవారు. కాబట్టి అక్కడ ప్రవక్త (స) వధువుకు తండ్రి మాత్రమే కాదు, వరుడికి పెద్దదిక్కు కూడా. వరుడి సొమ్ముతో కొత్త కాపురానికి కావలసినవి కొన్న సంఘటనను, వధువు తండ్రి అప్పు చేసి మోటారుసైకిలు కొనివ్వటానికి ఆధారంగా చూపటం ఎంతటి తలకిందుల తర్కం!

రెండవ మాట: 'కట్నం ఇతరుల నుండి మనకు అంటుకున్న జాడ్యం.' చరిత్రగా ఇందులో నిజం ఉండవచ్చు. కాని ఈ మాటను ఎక్కడ వాడుతున్నారో చూడండి. జబ్బు పక్కింటి నుండి వచ్చిందని చెప్పినంత మాత్రాన రోగికి నయం కాదు. నిందను బయటికి నెట్టి, డబ్బును లోపలికి తీసుకోవటానికి ఈ మాట పనికొస్తోంది.

మూడవ మాట: 'వరకట్న నిషేధ చట్టం మనకు వర్తించదు.' 1961 నాటి ఆ చట్టం నిర్వచనంలో నుండి తొలగించినది మహర్‌ను మాత్రమే. మహర్ వరుడు వధువుకు ఇచ్చేది. వధువు వైపు నుండి అడిగి పుచ్చుకునే సొమ్ము పేరు జహేజ్ అయినా, 'జోడే కీ రఖం' అయినా చట్టం దృష్టిలో కట్నమే. అడిగిన నేరం అడిగినదే.

నాల్గవ మాట: 'మేమేమీ అడగలేదు, వాళ్ళే సంతోషంగా ఇచ్చారు.' ఇవ్వకుంటే సంబంధం నిలిచేదా అని ఒక్కసారి అడిగితే ఈ వాదన బలం ఎంతో తెలిసిపోతుంది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్లు అడిగినవారు, ఇచ్చినవారు, ఆ విందులో కూర్చుని మెచ్చుకున్నవారు అందరికీ ఇందులో పాలు ఉంది. మహర్‌ను సంతోషంగా చెల్లించమని అన్ నిసా సూరా 4వ ఆయతు పురుషులను ఆదేశించింది. ఆ ఆదేశం నిఖాహ్‌నామాలో ఒక అంకెగా మిగిలిపోయి, ఖుర్ఆన్ ఆదేశించని జహేజ్ మాత్రం రొక్కంగా లారీ ఎక్కుతోంది.

ఎదుటివారి వాదనను నిజాయితీగా చెప్పగలమా?

ఒక విషయం మనకు నిజంగా అర్థమైందో లేదో తెలుసుకోవటానికి ఒక పరీక్ష ఉంది. మనం ఒప్పుకోని వాదనను, దానిని నమ్మేవాడు కూడా 'అవును, నేను చెప్పేది ఇదే' అనేలా చెప్పగలగాలి.

2019లో వచ్చిన చట్టాన్ని తీసుకుందాం. ఒకే మారు మూడు తలాకులు పలికిన భర్తకు మూడేళ్ళ వరకు జైలుశిక్ష విధించవచ్చునని అది చెబుతుంది. దానిని వ్యతిరేకించేవారి వాదన ఇది: 2017 తీర్పుతో ఆ తలాక్ చెల్లదని తేలింది. చెల్లని మాటకు కాపురం తెగదు. తెగని కాపురంలో భర్తను జైలుకు పంపితే భార్యాపిల్లలను పోషించేదెవరు? ఇతర మతాల భర్తలు భార్యను వదిలేస్తే లేని శిక్ష ముస్లిం భర్తకే ఎందుకు?

సమర్థించేవారి వాదన ఇది: చెల్లదని తీర్పు వచ్చాక కూడా ఆ మాట చెప్పి భార్యను గడప దాటించే భర్తలు ఉన్నారు. కోర్టు తీర్పు కాగితం ఆమెను తిరిగి ఇంట్లోకి తీసుకుపోలేదు. శిక్ష భయం ఉంటేనే ఆ అలవాటు ఆగుతుంది. పైగా ఆ చట్టంలో స్త్రీకి, పిల్లలకు జీవనభృతి కోరే హక్కు ఉంది. మేజిస్ట్రేటు అనుమతితో రాజీపడే అవకాశమూ ఉంది.

ఇందులో ఏ వాదన బరువైనదో పాఠకులు తూచుకోవచ్చు. కాని రెండింటినీ ఇలా ఎదురెదురుగా పెట్టకుండా ఒక్కదానినే వినిపించేవాడు మనకు సగమే తెలియనిస్తున్నాడు. విజ్ఞతతోనూ, మంచి ఉపదేశంతోనూ పిలవమనీ, ఉత్తమమైన రీతిలో వాదించమనీ అన్ నహ్ల్ సూరా 125వ ఆయతు ఆదేశిస్తుంది. ఉత్తమమైన రీతి అంటే గొంతు తగ్గించుకోవటం ఒక్కటే కాదు. ఎదుటివాడు చెప్పని మాటను అతడికి అంటగట్టకుండా ఉండటం కూడా.

ఇంట్లో అభ్యాసం

ప్రియ పాఠకులారా! ఈ పాఠం చదివి పక్కన పెట్టేస్తే ప్రయోజనం ఉండదు. వారానికి ఒక్క రోజు, ఇషా నమాజు తర్వాత ఇంటిల్లిపాదీ ఓ అరగంట కూర్చోండి. పత్రికలో వచ్చిన ఒక వ్యాసమో, జుమా ప్రసంగంలో విన్న ఒక మాటో, ఫోనులోకి వచ్చిన ఒక సందేశమో ముందుంచుకోండి. పిల్లల చేతనే కింది ప్రశ్నలకు జవాబులు చెప్పించండి.

1. ఇందులో మన చేత ఒప్పించాలనుకున్న మాట ఏది? దానిని ఒక్క వాక్యంలో చెప్పండి.

2. ఆధారంగా చూపినది ఏమిటి? ఆయతు, హదీసు, చట్టం, తీర్పు, అంకె, ఒక వ్యక్తి కథ? వాటిలో ఏదైనా సరే, అసలు పాఠం ఎక్కడ దొరుకుతుంది?

3. ఒక్కరి ప్రవర్తన చూపి అందరినీ అన్నారా? పాత లెక్కను నేటి లెక్కగా చూపారా? సగం సంఘటన చెప్పారా?

4. ఎవరి గురించి వాదిస్తున్నారో వారి మాట ఇందులో వినిపించిందా? స్త్రీల గురించి అయితే ఏ స్త్రీనైనా అడిగారా?

5. ఇదే మాటను మనకు నచ్చని మనిషి చెబితే ఒప్పుకునేవాళ్ళమా? ఇదే దోషం మనకు నచ్చిన మనిషి చేస్తే పట్టుకునేవాళ్ళమా?

మొదటి నాలుగు ప్రశ్నలూ పిల్లలు త్వరగానే నేర్చుకుంటారు. ఐదవది పెద్దలకు కష్టం. ఇంట్లో విడాకులు పొందిన చెల్లెలో, కట్నం కుదరక పెళ్ళి ఆగిన కూతురో ఉన్న పెద్దలకు ఇది మరీ కష్టం. కాని ఆ చెల్లెలికి, ఆ కూతురికి మనం గెలిచే వాదనల కంటే న్యాయమే అవసరం. ఆమెకు రావలసిన మహర్ ఎంత, భరణం ఎంత, ఎవరిని అడగాలి, ఎక్కడ రాసి ఇవ్వాలి అన్నవి తెలుసుకుని ఆమె వెంట నడవటం మన బాధ్యత. హజ్రత్ ఖౌలా (రజి) వృద్ధురాలైన తర్వాత ఒకసారి దారిలో హజ్రత్ ఉమర్ (రజి)ను ఆపి చాలాసేపు హితవు చెప్పారనీ, ఖలీఫా నిలబడి ఓపికగా విన్నారనీ, ఆశ్చర్యపోయిన వారితో ఈమె మాటను అల్లాహ్ విన్నాడు కదా, నేను వినకుండా ఎలా ఉంటానన్న భావం పలికారనీ ఉల్లేఖనాలు ఉన్నాయి. మన ఇళ్ళలో మాట్లాడుతున్న స్త్రీల మాటను ముందు మనం విందాం, ఆ తర్వాతే వారి గురించి లోకంతో వాదిద్దాం.

వినే చెవినీ, తూచే బుద్ధినీ, మనకు వ్యతిరేకమైనా న్యాయమే పలికే నాలుకనూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.